విద్యుత్తుకు కావలి - వాననీటి పంపు

ధర్మపురి జిల్లాలో పంపు అనగానే మన మనసులో మెదిలేది వ్యవసాయపు బావి. పాతాళాన ఉన్న నీటిని పైకి లాగి పొలానికి పారించే యంత్రమే మనకు పంపు. చేరిన నీటిని తోడి బయట పారబోయడానికి కూడా ఒక పంపు ఉండాలనీ, వేలాది ఇండ్లలోని దీపాలు దానిమీద ఆధారపడి ఉంటవనీ చెబితే, కారిమంగళంవంటి మెట్టప్రాంతంలో తరతరాలుగా కాపురమున్న మనకు కొంత వింతగానే తోస్తుంది.

ఆ వింత 2024 డిసెంబరులో తీరిపోయింది. నవంబరు 30వ తేదీ రాత్రి పుదుచ్చేరి దగ్గర తీరం దాటిన ఫెంగల్ తుపాను లోపలి జిల్లాలకు నడచి వచ్చి, ఒక్క దినంలో మన జిల్లాలోని హరూరులో 33 సెంటీమీటర్లు, పొరుగున కృష్ణగిరి జిల్లా ఊత్తంగరైలో 50 సెంటీమీటర్లు వాన కురిపించింది. ఊత్తంగరైలో చెరువు పొంగి, రోడ్డు ప్రక్కన నిలిపిన బండ్లు కాగితపు పడవలవలె కొట్టుకొనిపోవడం దేశమంతా చూచింది. సముద్రం మనకు దూరం గదా అనే ధైర్యం ఇక చెల్లదు.

సెంటీమీటరు అంటే చిన్న మాటగా కనబడుతుంది. లెక్క వేసి చూద్దాము. ఒక ఎకరం నేలమీద ఒక సెంటీమీటరు వాన పడితే సుమారు 40 వేల లీటర్ల నీరు. హరూరు లెక్కన ఎకరానికి 13 లక్షల లీటర్లు. ఊత్తంగరై లెక్కన 20 లక్షలు. ఇది పైనుంచి పడ్డ నీరు మాత్రమే. చుట్టుప్రక్కల మెరకనుంచి దొర్లివచ్చే నీరు వేరు. నీరు పల్లమెరుగు అన్నారు పెద్దలు. ఆ పల్లంలో ఈ.బి. వారి సబ్ స్టేషను ఉంటే నీరు అక్కడికే పోతుంది.

సబ్ స్టేషనులో నీరు చేరితే ముందుగా చెడేది ఆ పెద్ద ట్రాన్స్‌ఫార్మరు అని చాలామంది అనుకుంటారు. నిజానికి అది ఎత్తయిన దిమ్మెమీద కూర్చుని ఉంటుంది; మోకాటి లోతు నీటికి వెంటనే లొంగదు. ముప్పంతా చిన్న వస్తువులకే. కంట్రోలు గదిలోని రిలేలు, బ్యాటరీలు, తీగలు కలిసే పెట్టెలు, స్విచ్చి బీరువాలు - ఇవే ముందుగా తడుస్తవి. ఎక్కడో తప్పు జరిగినప్పుడు కరెంటును క్షణంలో ఆపవలసినవి ఈ రిలేలే. అవి పనిచేయని చోట కరెంటు వదలి ఉంచడం ప్రాణాపాయం. అందుచేతనే నీరు పెరిగితే అధికారులు ముందుజాగ్రత్తగా సరఫరా ఆపివేస్తారు. 2015 డిసెంబరులో చెన్నపట్నంలోను, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలోను జనం రోజుల తరబడి చీకటిలో ఉండడానికి ఇది ఒక ముఖ్యకారణం. కరెంటు లేకపోతే మేడమీది ట్యాంకుకు నీరెక్కదు, సెల్‌ఫోను మ్రోగదు, చంటిబిడ్డకు పాలు కాచే విద్యుత్ పొయ్యి వెలగదు.

కంట్రోలు గదిలోకి నీరు వాకిలినుంచే రావాలని లేదు. కేబుళ్లు పరచడానికి నేలలో కాంక్రీటు కాలువలు కట్టి, పైన పలకలు కప్పుతారు. పలకల సందులలోంచి వాన దిగి, ఆ కాలువగుండానే దొంగవలె గది అడుగుకు చేరుతుంది. కాబట్టి కేబుళ్లు గోడలోకి దూరే కంతలను గట్టిగా మూసివేయడం మొదటి రక్ష. రెండవ రక్ష పంపు.

పంపు ఏర్పాటు పెద్ద మాయ ఏమీ కాదు. ఆవరణలో అన్నిటికన్నా పల్లపు మూలలో ఒక గొయ్యి కట్టి, కాలువలన్నిటినీ దానిలోకి త్రిప్పుతారు. గోతిలో రెండు పంపులు - ఒకటి పనికి, ఒకటి తోడుకు. నీటిమీద తేలే బుడ్డి ఒకటి ఉంటుంది. నీరు పెరిగితే అది పైకి లేచి పంపును తనంతట నడిపిస్తుంది. ఇంకా పెరిగితే రెండవ పంపు కదులుతుంది, గంట మ్రోగుతుంది. బయటకు పోయిన నీరు తిరిగి రాకుండా గొట్టంలో ఒకవైపే తెరుచుకునే వాల్వు ఉంటుంది. ఆకులు, ప్లాస్టిక్ సంచులు అడ్డుపడకుండా జల్లెడ ఉండాలి. ట్రాన్స్‌ఫార్మరునుంచి కారిన నూనె నీటితో కలిసి ప్రక్క పొలానికి పోకుండా దానిని వేరుచేసే తొట్టి ఉండాలి. గంటకు 5 సెంటీమీటర్ల వాన ఎకరంమీద పడితే సెకనుకు సుమారు 56 లీటర్లు, అంటే నాలుగు బిందెల నీరు తోడాలి. పంపు శక్తిని ఈ లెక్క చూచి నిర్ణయించాలి గాని, దొరికినదేదో తెచ్చి దించితే చాలదు.

ఇంతకూ అసలు చిక్కు ఒకటి ఉన్నది. పంపు కరెంటును కాపాడాలి, సరే. కరెంటే పోతే పంపును నడిపేదెవరు? దానికి డీజిలు యంత్రం వేరుగా ఉండాలి, అదీ నీరందని ఎత్తున ఉండాలి. 2011 మార్చి 11న జపానులోని ఫుకుషిమాలో సముద్రం మీదికి వచ్చినప్పుడు అత్యవసర జనరేటర్లు చాలావరకు నేలమాళిగలో ఉండి మునిగిపోయినవి. అణుకేంద్రాన్ని చల్లబరిచే దారి లేకపోయింది. మన తెలుగునాట 2022 జూలైలో గోదావరి వరదకు కాళేశ్వరం పథకపు కన్నేపల్లి పంపుహౌసే మునిగింది. నీటిని లొంగదీసే యంత్రమైనా తావు తప్పితే నీటికి లొంగవలసిందే.

సమయానికి పంపు అందితే ఏమవుతుందో ఇంగ్లండు చూపింది. 2007 జూలైలో గ్లాస్టరు పట్టణం దగ్గర సెవర్న్ నది పొంగి వాల్హామ్ సబ్ స్టేషనును చుట్టుముట్టింది. అది పోతే సుమారు 5 లక్షల మందికి కరెంటు పోతుంది. సైనికులు, అగ్నిమాపక దళంవారు రాత్రింబవళ్లు అడ్డుకట్ట వేసి, డీజిలుతో నడిచే పెద్ద పంపులతో లోపలి నీటిని తోడిపోశారు. నీరు కొద్ది అంగుళాల దూరంలో ఆగింది. సబ్ స్టేషను నిలిచింది. అదే ఊరిలో క్యాసిల్‌మీడ్స్ సబ్ స్టేషను మాత్రం ఆపక తప్పలేదు. వేలాది ఇండ్లు చీకటి పాలయినవి. వాల్హామ్ బ్రతికింది నిజమే గాని, అది ఇల్లు కాలేటప్పుడు నుయ్యి త్రవ్వి గెలిచిన గెలుపు. ప్రతిసారీ అట్టి అదృష్టం పట్టదు.

ఇది ఈ.బి. వారి సంగతి, మనకేమి అనవద్దు. మన పిల్లలు చెన్నైలోను, బెంగుళూరులోను ఫ్లాట్లు కొంటున్నారు. మీటరు బోర్డు, జనరేటరు, లిఫ్టు మోటారు ఎక్కడ ఉన్నవో చూచి కొంటున్నవారు ఎందరు? కార్లు నిలిపే నేలమాళిగలో అవి ఉంటే, ఆ ఇంటికీ మునిగే సబ్ స్టేషనుకూ భేదం లేదు. కల్యాణమండపాలకు, ఆసుపత్రులకు ఇదే మాట. ఇంకో హెచ్చరిక: నీరు నిలిచిన గదిలో మెయిను ఆపనిదే అడుగు పెట్టరాదు. డీజిలు పంపును మూసిన గదిలో నడపరాదు. దాని పొగ ప్రాణం తీస్తుంది. తోడిన నీటిని పొరుగువారి వాకిట్లోకి గాక వాగుకు చేర్చాలి. ఆ వాగు పూడిపోకుండా చూచుకోవాలి.

నాబోటి గుమాస్తాకు తోచే చివరి మాట ఒక రిజిస్టరు గురించి. ఏడాదిలో పదినెలలు పని లేని యంత్రం పదకొండవ నెలలో కదలకపోవడం సహజం. తుప్పు పడుతుంది, బ్యాటరీ దిగిపోతుంది, జల్లెడలో చెత్త చేరుతుంది. పంపు దగ్గర ఒక పుస్తకం వ్రేలాడదీసి, నడిపిన తేదీ, నిమిషాలు, సంతకం వ్రాసితే చాలు. ఈ శాన్యపు వానలు దిగే ముందే మనకు ఆయుధపూజ వస్తుంది. ఆ దినాన యంత్రాలకు చందనం, కుంకుమ పెట్టి మ్రొక్కుతాము. ఈ ఏడు పూజ ముగిసిన తరువాత గోతిలో నాలుగు బిందెలు నీళ్లు పోసి, పంపు కదులుతున్నదో లేదో చూచి, పుస్తకంలో మొదటి సంతకం చేయించండి. కదలని పంపుకు పెట్టిన బొట్టు వరదను ఆపదు.