నిదానం కథ

పిల్లలూ! "తొందరపడకండి, నిదానంగా రాయండి" అని పరీక్షనాడు మీ మాస్టార్లు చెబుతారు గదా! నిదానమంటే ఏమిటని అడిగితే మీలో చాలామంది "మెల్లగా" అంటారు. అది సగం అర్థమే. తక్కిన సగం తెలియాలంటే ఈ మాట నడిచివచ్చిన దారి చూడాలి.

ఇది సంస్కృతం నుంచి వచ్చిన మాట. ఋగ్వేదంలో దీనికి కట్టుతాడు అని అర్థం. పలుపుతాడు పట్టుకొని పోతే, అది కట్టిన గుంజ దొరుకుతుంది. అలాగే ఒక సంగతిని పట్టుకొని వెనక్కు పోతే దాని మూలం దొరుకుతుంది. అందువల్లనే కాబోలు, తరువాతి కాలంలో నిదానమంటే మూలకారణం అయింది. బౌద్ధులు దుఃఖానికి దారితీసే 12 కారణాలను వరుసగా చెప్పి, వాటిని ద్వాదశ నిదానాలన్నారు.

వైద్యులకు ఈ మాట మరీ ముఖ్యం. చరకసంహితలోని 8 భాగాలలో రెండవది నిదానస్థానం. రోగం ఎందుకు వచ్చింది, దాని గుర్తులేమిటి అన్నది అందులోని విషయం. హిందీలో ఈనాటికీ నిదానమంటే రోగమేదో కనిపెట్టడమే.

మరి మనకు అది శాంతం ఎలా అయింది? "నిదానించి చూడు" అంటాం. బాగా పరిశీలించి తేల్చుకోమని దాని భావం. మనసు నిలకడగా లేనిదే పరిశీలన సాగదు. పరిశీలన నుంచి నిలకడకు అర్థం అలా జరిగి ఉంటుంది. తమిళంలోనూ ఈ మాటకు నిలకడ అనే అర్థం ఉన్నది.

ఒక లెక్క చూడండి. 8 మంది కూలీలు 6 రోజుల్లో కట్టే గోడను 12 మంది ఎన్ని రోజుల్లో కడతారు? తొందరపడేవాడు 9 అంటాడు. నిదానించేవాడు "మనుషులు పెరిగితే రోజులు తగ్గాలి గదా!" అనుకొని 4 అంటాడు.

నిదానమంటే బద్ధకం కాదు. "నిదానమే ప్రధానం" అన్న పెద్దలే "ఆలస్యం అమృతం విషం" అని కూడా అన్నారు. ఊరికే కూర్చుంటే ఆలస్యం. ఆగి ఆలోచిస్తే నిదానం.

తల్లిదండ్రులకు కూడా ఒక మాట. పిల్లవాడు జవాబు చెప్పడానికి కాస్త ఆగితే వెంటనే మొద్దు అనేయకండి. లోపల వాడు తాడు పట్టుకొని గుంజదాకా పోతూ ఉండవచ్చు. ఆ కాస్త వ్యవధి ఇచ్చి చూడండి.