టాంకు అను పదమును గూర్చిన విచారము

'టాంకు' అను ఆంగ్లపదము నేడు సామాన్యజనులకును సుపరిచితము. హిందూపురము, పెనుకొండ, ధర్మవరము మొదలగు పట్టణములలో మిద్దెపై నీరు నిలుపు తొట్టిని టాంకందురు. మోటారుబండిలో పెట్రోలు నిలుచు పాత్రయు టాంకే. అయినను ఆంగ్లప్రభుత్వకాలమున ఈ సీమను గూర్చి వ్రాయబడిన రెవిన్యూ పత్రములలో ఈ పదమునకు తొట్టి యని యర్థము కాదు, చెఱువని యర్థము. ఈ భేద మెఱుగక తెనిగించినచో చరిత్రము తాఱుమాఱగును.

ఆంగ్లవర్తకులు 17వ శతాబ్దారంభమున ఈ పదమును పశ్చిమభారతమున గ్రహించిరి. గుజరాతీ మరాఠీ భాషలలో 'టాంకూ', 'టాంకే' అనునవి భూమిలో కట్టిన నీటితొట్టికి పేళ్లు. వీనికి సంస్కృతమందలి 'తడాగ' శబ్దము మూలమని కొందఱి మతము. పోర్చుగీసు భాషలోని 'టాంకె' యనునది నిలువనీటిని దెలుపు 'స్టాగ్నుమ్' అను లాటిన్ శబ్దమునుండి పుట్టినదని కొందఱి మతము. 1886లో వెలువడిన 'హాబ్సన్-జాబ్సన్' కోశమున యూల్, బర్నెల్ పండితులు ఈ రెండు మూలములను జర్చించిరి. దేశ్యపదమునకు పోర్చుగీసు పదము తోడై ఆంగ్లరూపము స్థిరపడినదనుట యుక్తము.

తరువాత అర్థము పెక్కుతెఱగుల మాఱెను. మొదటి మహాసంగ్రామమున ఆంగ్లేయులు ఉక్కుకవచముగల యుద్ధశకటములను నిర్మించుచు, రహస్యము వెల్లడికాకుండుటకై 1915లో వానికి నీటితొట్లని పేరుపెట్టిరి. 1916 సెప్టెంబరు 15న సోమ్ నదీప్రాంతమున అవి యుద్ధరంగమున ప్రవేశించినను ఆ పేరు తొలగలేదు. అమెరికాదేశమున కారాగృహపుగదికిని ఈ పేరు కలదు. ఆటలో బుద్ధిపూర్వకముగా ఓడిపోవుటయు ఈ పదముతోడనే చెప్పబడును.

ఇక చెఱువు. దీనికి కన్నడమున 'కెఱె', తమిళమున 'చిఱై' సోదరపదములు. కన్నడమందలి 'కివి' తెలుగున 'చెవి' యైనట్లే ఇచ్చటను కకారము చకారమైనది. 'చెఱ' యనగా నిర్బంధము. కావున కట్టచే నిర్బంధింపబడిన జలము చెఱువు. అమెరికావారి వాడుకతో ఇది పోలియుండుట కాకతాళీయమేగాని బాంధవ్యము కాదు. కుంట యనునది పల్లమున నిలిచిన నీటిని దెలుపును. కోనేరు త్రవ్వి, మెట్లు గట్టినది. ఈ మూటికిని ఆంగ్లపత్రములలో టాంకను నొక్కపదమే వాడబడెను.

చెఱువనగా నీరుమాత్రమే కాదు. కట్ట, తూము, మరువ, ఆయకట్టు, నీరు పంచు నీరుగంటి, మరమ్మతుకై యిచ్చిన దశబంధపు మాన్యము, ఇన్నియు గూడినదే చెఱువు. 1369 నాటి పోరుమామిళ్ల సంస్కృతశాసనము చెఱువునకు 12 అంగములను, 6 దోషములను జెప్పుచున్నది. ధర్మాత్ముడగు రాజు, జలశాస్త్రవేత్త, గట్టినేల, తీయనినీటి నది ఆ యంగములలోనివి. 1388 నాటి కన్నడశాసనమునుబట్టి, పెనుకొండ నేలుచుండిన బుక్కరాయలు ప్రజలసుఖముకొఱకు జలసూత్రమున నిపుణుడగు సింగయభట్టుచే హిందూపురమునకు ఎగువనున్న కల్లూడినుండి పెన్నేటినీటిని కాలువద్వారా సిరువేరె చెఱువునకు దెప్పించెను. ధర్మవరపుచెఱువు చిత్రావతినీటిచే నిండునది. దానిని క్రియాశక్తి ఒడయరు కట్టించెననియు, ఆయన తల్లి ధర్మాంబపేర ఊరు వెలసెననియు జనశ్రుతి.

ఇట్టి నిర్మాణములను గూర్చిన ఆంగ్లవాక్యమున టాంకును 'తొట్టి' యని తెనిగించినచో, నీటితోపాటు నీరుగంటియు, మాన్యమును, ఆయకట్టు రైతును అర్థమునుండి జాఱిపోవుదురు. 'టాంకు' అని యట్లే యుంచినచో నేటి విద్యార్థికి మిద్దెమీది తొట్టియే స్ఫురించును. అందుచే అనువాదకుడు ముందుగా స్థలమును విచారింపవలెను: కట్టయు ఆయకట్టును గలచోట చెఱువు, చిన్నపల్లమైన కుంట, దేవాలయసమీపమున మెట్లతో నున్నచో కోనేరు, లోహముతోగాని సున్నపుగచ్చుతోగాని చేసినదైన తొట్టి. పడమటి తీరమున వెలువడి ఆంగ్లముద్వారా తిరిగివచ్చిన యీ పదము తెలుగునకు శత్రువు కాదు. తొట్టికి పేరైనంతవఱకు అది వాడుకలో నిలువదగినదే. చెఱువు పేరును మాత్రము దానికి విడువరాదు. ఆ పేరు పోయినచో, వర్షమునకై యెదురుచూచు ఈ సీమలో పూర్వులు నీటి నెట్లు చెఱపట్టిరో తెలుపు సాక్ష్యమును పోవును.