పాత పింఛను బాండ్లలో హామీ రేటు

పింఛను పాలసీకి రెండు దశలుంటాయి. మొదటి దశలో పాలసీదారు ప్రీమియం కడుతూ పోతాడు, ఆ సొమ్ము పెరిగి నిధి అవుతుంది. ఒప్పుకున్న వయసు రాగానే బీమా సంస్థ ఆ నిధిని తన దగ్గరే ఉంచుకుని, బతికినంత కాలం పింఛను ఇస్తుంది. ఈ చెల్లింపునే యాన్యుటీ అంటారు. వెయ్యి రూపాయల నిధికి ఏటా ఎంత వస్తుందో చెప్పేది యాన్యుటీ రేటు. పింఛను మొదలయ్యే రోజున ఉండే రేటు కాకుండా, పాలసీ ఇచ్చిన రోజునే బాండులో, అంటే పాలసీ పత్రంలో, రాసి ఇచ్చినదైతే అది హామీ రేటు.

యాన్యుటీ రేటు బ్యాంకు వడ్డీ లాంటిది కాదు. అందులో వడ్డీతో పాటు అసలు కూడా కొంచెం కొంచెంగా తిరిగి వస్తుంది. అందుకే పాలసీదారుతోనే పింఛను ఆగిపోయే పద్ధతిలో రేటు ఎక్కువ, అసలును వారసులకు తిరిగిచ్చే పద్ధతిలో తక్కువ.

పాత బాండ్లలోని హామీలకు విలువ రావడానికి కారణం వడ్డీలు పడిపోవడమే. 1996 ప్రాంతంలో కేంద్ర ప్రభుత్వ పదేళ్ల బాండ్ల మీద రాబడి 13 శాతం దాటింది. 2003 నాటికి 6 శాతం లోపుకు వచ్చింది. మనుషుల ఆయుష్షు కూడా పెరగడంతో పింఛను ఇవ్వాల్సిన ఏళ్లు పెరిగాయి. ఈ రెండూ కలిసి బీమా సంస్థల మీద భారం మోపాయి.

ఆ భారం ఎంతటిదో బ్రిటన్‌లో తేలింది. 1762లో పుట్టిన ఈక్విటబుల్ లైఫ్ సంస్థ 1957 నుంచి 1988 దాకా హామీ రేటు ఉన్న పింఛను పాలసీలు అమ్మింది. రేట్లు పడిపోయాక, హామీని వాడుకునేవారికి బోనస్ తగ్గించి లెక్క సరిచేయాలని చూసింది. అది కుదరదని 2000 జూలైలో హౌస్ ఆఫ్ లార్డ్స్ తీర్పు చెప్పింది. అదే ఏడాది డిసెంబరులో సంస్థ కొత్త పాలసీలు ఇవ్వడం ఆపేసింది. తీర్పు న్యాయమైనదే; రాసిచ్చిన మాటను మరో దారిలో వెనక్కి తీసుకోవడాన్ని ఏ కోర్టూ ఒప్పుకోకూడదు.

మన దగ్గర హామీకి వెన్నుదన్ను వేరు. 1956 నాటి జీవిత బీమా కార్పొరేషన్ చట్టంలోని 37వ సెక్షన్ ప్రకారం, ఎల్ఐసీ పాలసీల బీమా మొత్తానికీ ప్రకటించిన బోనస్‌కూ కేంద్ర ప్రభుత్వం పూచీ పడుతుంది. వరిష్ఠ పింఛను బీమా యోజన మరో తరహా. 2003లో మొదలై 2004లో కొత్తవారికి మూతపడిన ఈ పథకంలో 55 ఏళ్లు నిండి 2,66,665 రూపాయలు ఒకేసారి కట్టినవారికి, 9 శాతం చొప్పున నెలకు 2,000 రూపాయలు జీవితాంతం వస్తాయి. ఎల్ఐసీ సంపాదనకూ ఈ 9 శాతానికీ ఉన్న తేడాను కేంద్రమే భరిస్తుంది. 2017లో వచ్చిన ప్రధానమంత్రి వయవందన యోజనలో హామీ పదేళ్లకే పరిమితం. 8 శాతంతో మొదలై 2020లో 7.4 శాతానికి దిగి, 2023 మార్చి 31న మూతపడింది.

నల్లగొండ జిల్లా దేవరకొండ ప్రాంతంలో సర్కారు జీతం ఉన్న ఇళ్ల కంటే సేద్యం, చిన్న వ్యాపారం, ప్రైవేటు కొలువుల మీద బతికే ఇళ్లే ఎక్కువ. అలాంటి ఇంట్లో బీరువాలో పడున్న పాత పింఛను బాండును తేలిగ్గా తీసుకోకూడదు. చూడాల్సింది పేరు కాదు, షరతులు. ఎల్ఐసీ పాలసీల పేర్లు తికమక పెడతాయి: జీవన్ ధార వేరు, న్యూ జీవన్ ధార-1 వేరు, 2024లో వచ్చిన జీవన్ ధార-2 వేరు. పింఛను ఇంత అని రూపాయల్లోనో, వెయ్యికి ఇంత అనో బాండులో ఉంటే అది హామీ. నోషనల్ క్యాష్ ఆప్షన్ (పింఛను మొదలయ్యే నాటి నిధి) అంకె మాత్రమే ఉండి, పింఛను 'అప్పటి రేట్ల ప్రకారం' అని ఉంటే హామీ నిధికే, రేటుకు కాదు.

తేడా ఎంతో ఒక లెక్క చూస్తే తెలుస్తుంది. నిధి 4 లక్షలు అనుకుందాం. బాండులో వెయ్యికి 100 రూపాయలని ఉంటే ఏటా 40,000 వస్తాయి. మార్కెట్లో వెయ్యికి 70 చొప్పున దొరికితే 28,000. ఏటికి 12,000 తేడా. ఇరవై ఏళ్లు బతికితే 2,40,000. పోల్చేటప్పుడు రెండు వైపులా ఒకే రకం పింఛను ఉండాలి. భార్యకూ కొనసాగే పింఛనును ఒక్కరికే వచ్చే పింఛనుతో పోలిస్తే లెక్క తప్పుతుంది.

పాలసీ సరెండర్ చేస్తే హామీ అక్కడితో పోతుంది. పిల్ల పెళ్లికో, బోరు వేయించడానికో డబ్బు అవసరమైనప్పుడు చాలామంది చేసే పని ఇదే; ముందు, బదులుగా అప్పు తెస్తే అయ్యే వడ్డీనీ, వదులుకోబోయే పింఛనునూ పక్కపక్కన పెట్టి చూడాలి. పింఛను మొదలయ్యే తేదీకి ముందు ఏ రకం పింఛను కావాలో రాసివ్వాల్సి ఉంటుంది. బాండు దేవరకొండలో తీసుకుని హైదరాబాద్‌కు మారినవారు కొత్త చిరునామా, బ్యాంకు ఖాతా వివరాలు పాలసీ ఉన్న బ్రాంచిలో నమోదు చేయించుకోవాలి, లేకపోతే ఉత్తరాలు పాత ఇంటికే పోతాయి. సరెండర్ కాగితం మీద సంతకం పెట్టే ముందు హామీ రేటు ఉందో లేదో బ్రాంచి నుంచి రాతపూర్వకంగా తీసుకోండి.