నీలి ఆకుల చెట్టు

2020 శరదృతువులో టొరంటోలోని రాయల్ ఒంటారియో మ్యూజియంలో మన దేశపు పాత నూలు బట్టల ప్రదర్శన పెట్టారు. దాని పేరు ‘ప్రపంచాన్ని మార్చిన వస్త్రం’. ముఖాలకు మాస్కులు తగిలించుకుని మేమూ సకుటుంబంగా వెళ్లాం. రెండు మూడు వందల ఏళ్ల కిందట మన మచిలీపట్నం లాంటి కోరమాండల్ రేవుల నుంచి ఓడలెక్కి ఐరోపా చేరిన అద్దకం బట్టలను ఇంత దూరంలో చూడగలగడం మా అదృష్టమే అనుకున్నాను. గదుల్లో దీపాలు మాత్రం మరీ మసకగా ఉన్నాయి. మా అమ్మాయి ఒక పెద్ద చెట్టు బొమ్మ దగ్గర ఆగిపోయింది.

“నాన్నా, ఆకులకి నీలం రంగు ఎందుకు వేశారు?”

“అది చిత్రకారుడి ఊహ తల్లీ” అన్నాను. ఇంజనీరుకి తెలియదని ఒప్పుకోవడం కొంచెం కష్టం.

ఇంటికి వచ్చాక మా హాల్లో గోడకున్న కలంకారీ గుడ్డ మీద చూపు పడింది. మేము కెనడా వచ్చేటప్పుడు మా అమ్మ శ్రీకాళహస్తిలో కొనిచ్చిన కల్పవృక్షం అది. దక్షిణపు కిటికీకి ఎదురుగా పన్నెండేళ్లు వేలాడింది. దాని ఆకులు కూడా నీలంగానే ఉన్నాయి! పైన కర్రకు చుట్టిన మడత విప్పి చూస్తే లోపలి ఆకులు చిలకపచ్చగా ఉన్నాయి. మా కళ్లెదుట రోజూ కొంచెం కొంచెంగా జరిగిన మార్పుని మాలో ఒక్కరమూ గమనించలేదు.

అసలు రంగంటే ఏమిటో ఒకసారి గుర్తు చేసుకుందాం. తెల్లటి ఎండలో రంగులన్నీ ఉన్నాయని న్యూటన్ 1666 ప్రాంతంలో గాజు పట్టకంతో చూపించాడు. మన కంటికి కనిపించే కాంతి తరంగదైర్ఘ్యం సుమారు 400 నానోమీటర్ల ఊదా నుంచి 700 నానోమీటర్ల ఎరుపు దాకా ఉంటుంది. వస్తువు తన మీద పడిన కాంతిలో కొంత పీల్చుకుని, మిగిలింది తిప్పి పంపుతుంది. ఆ మిగిలిన వాటానే మనం దాని రంగు అంటాం. మల్లెపువ్వు దాదాపు అంతా తిప్పి పంపుతుంది. కాటుక దాదాపు అంతా మింగేస్తుంది. దీపంలో లేని కాంతిని ఏ గుడ్డా తిప్పి పంపలేదు. అందుకే కొట్లో ట్యూబులైటు కింద చీరకు చక్కగా కుదిరిన జాకెట్టు గుడ్డ వీధిలోకి రాగానే వేరే రంగులా కనిపిస్తుంది. మన ఆడవాళ్లు చీర పట్టుకుని కొట్టు గుమ్మం దాకా వచ్చి చూసేది ఇందుకే.

ఏ కాంతిని పీల్చాలో నిర్ణయించేది అణువులోని ఎలక్ట్రాన్ల అమరిక. మన తీరంలో పండే చిరివేరు రంగు పటిక పూసిన చోట ఎర్రగా పట్టుకుంటుంది, ఇనుప ద్రావకం పూసిన చోట ఊదాగా, నల్లగా మారుతుంది. వేరు ఒకటే, కలిసిన లోహం వేరు.

ఇక ఆకుపచ్చ సంగతి. కలంకారీలో దానికి సాధారణంగా విడిగా రంగు ఉండదు. నీలిమందు మీద పసుపుపచ్చ రంగు ఎక్కిస్తారు. నీలిమందు ఎరుపు, నారింజ వైపు కాంతిని పీలుస్తుంది. కరక్కాయ పూలు, దానిమ్మ తొక్కల వంటి వాటితో తీసే పసుపుపచ్చ రంగు ఊదా, నీలం వైపు కాంతిని పీలుస్తుంది. రెండూ తమ వాటాలు తీసుకుంటే మధ్యలో మిగిలేది ఆకుపచ్చ. ఆ రెంటిలో పసుపుపచ్చ వెళ్లిపోతే నీలిమందు ఒక్కటే మిగులుతుంది. మ్యూజియంలోని నీలి ఆకుల రహస్యం ఇదే. ఆ చిత్రకారుడు వేసింది పచ్చటి చెట్టే. పాపం, నేనే ఆయన మీద లేని ఊహ అంటగట్టాను.

ఆ రాత్రి అమ్మకి ఫోన్ చేసి చెప్పాను. “రంగుబట్టలు నీడన ఆరేస్తాం, పసుపు మరక పోవాలంటే ఎండలో వేస్తాం. చిన్నప్పటి నుంచి చూస్తూనే ఉన్నావు కదరా! దాన్ని తీసుకెళ్లి కిటికీ ఎదుట కొట్టావా?” అంది.

అమ్మ చెప్పిందే శాస్త్రం. పీల్చుకున్న కాంతి మాయమైపోదు. చాలావరకు వేడిగా మారుతుంది. నల్ల కోటు ఎండలో వెచ్చగా ఉండేది అందుకే. చెట్టు ఆకులో పత్రహరితం ఆ శక్తితోనే ఆహారం తయారు చేసుకుంటుంది. కాని గుడ్డ మీద రంగుకు అలాంటి పని ఏదీ లేదు. ఎప్పుడో ఒకసారి ఆ శక్తి గాలిలోని ఆక్సిజన్ తోడుతో రంగు అణువునే విరిచేస్తుంది. విరిగిన ముక్కలు కంటికి కనిపించే కాంతిని పీల్చలేవు కనుక ఆ మేరకు రంగు పోతుంది. పసుపు మరక ఎండలో వెలిసేదీ ఇలాగే. పటికతో ముడిపడ్డ చిరివేరు ఎరుపు, నీలిమందు గట్టివి. ఆ పసుపుపచ్చ రంగులు సున్నితమైనవి.

‘కెనడాలో ఎండెక్కడుంది?’ అని అనుకోవద్దు. కొత్తగా పడిన మంచు తన మీద పడ్డ వెలుతురులో నూటికి 80 పాళ్లకు పైగా తిప్పి పంపుతుంది. జనవరిలో కూడా మన హాలు అంత వెలుగుగా ఉండేది అందుకే. మామూలు కిటికీ అద్దం అతినీలలోహిత కిరణాలన్నిటినీ ఆపదు. పైగా రంగును విరవడానికి కంటికి కనిపించే కాంతి కూడా చాలు. మ్యూజియంవాళ్లు పాత బట్టలను సాధారణంగా 50 లక్సుల వెలుతురులోనే ఉంచుతారు. ఆరుబయట నడి ఎండ సుమారు లక్ష లక్సులు. ఆ మసక దీపాలు చూసి ‘కరెంటు పొదుపు కాబోలు’ అనుకున్నాను నేను!

మేము మ్యూజియం నుంచి బయటికి వచ్చిన రోజున క్వీన్స్ పార్కులో చెట్లు రంగు మారుతున్నాయి. అక్కడ కథ తలకిందులు. ఆకులో పత్రహరితం తగ్గిపోతే వేసవి అంతా దాని చాటున ఉన్న పసుపుపచ్చ కెరోటినాయిడ్లు బయటపడతాయి. మేపుల్ ఆకులో ఎర్రటి ఆంథోసయనిన్లు ఆ రోజుల్లోనే కొత్తగా తయారవుతాయి. ఆ చెట్లకి మళ్లీ వసంతంలో పచ్చదనం వస్తుంది. మా గుడ్డకి రాదు.

మనలో చాలామంది ఇళ్లలో పెళ్లి పట్టుచీరలు, అమ్మమ్మల చేతి కుట్లు, కలంకారీలు, పాత రంగుల ఫోటోలు ఉంటాయి. వాటిని కిటికీ ఎదుట కాకుండా పక్క గోడకు పెట్టండి. కొన్ని నెలలు చూసుకుని కొన్ని నెలలు చీకట్లో దాచండి. పరదా వేయడం మరిచిపోకండి. పెట్టెలో పెట్టి ఎన్నడూ తీయకపోవడం కూడా నాకు నచ్చదు. వెలుతురు పడనిదే రంగే లేదు కదా!

మా కల్పవృక్షం ఇప్పుడు కిటికీ లేని నడవాలో ఉంది. పండగకి ఇంటికి వచ్చిన వాళ్లకి మా అమ్మాయి పైమడత విప్పి, అందులో మిగిలిన నాలుగు పచ్చటి ఆకులు చూపిస్తుంది. చూపించాక జాగ్రత్తగా మళ్లీ మడిచేస్తుంది.