పిడి తిప్పినా పడవ కదలకపోతే...

అమెరికాలో వేసవి అంటే సరస్సుల కాలం. మే నెలాఖరున వచ్చే మెమోరియల్ డే నుంచి సెప్టెంబరు మొదట్లో వచ్చే లేబర్ డే దాకా రోడ్ల మీద ఎటు చూసినా కార్ల వెనుక పడవలే కనిపిస్తాయి. మన తెలుగు కుటుంబాలు కూడా షికారుకో, చేపలు పట్టడానికో చిన్న పడవ అద్దెకు తీసుకుంటాయి. ఇంకాస్త సరదా ఉన్నవారు పాత పడవ ఒకటి కొనుక్కుంటారు. కారు ఆగిపోతే పక్కకు తీసి ఎవరికైనా ఫోను చేయవచ్చు. సరస్సు నడుమ మోటారు మొరాయిస్తే మాత్రం గాలి ఎటు వీస్తే పడవ అటు కొట్టుకుపోతుంది. అందుకే పడవ ఎక్కే ప్రతి కుటుంబంలో పెద్దలూ, కాస్త ఎదిగిన పిల్లలూ మోటారు వేగాన్ని అదుపు చేసే థ్రాటిల్ గురించి నాలుగు విషయాలు తెలుసుకోవడం మంచిది.

అవుట్‌బోర్డు మోటారు అంటే?

పడవ వెనుక అంచుకు బయటి నుంచి బిగించే మోటారు ఇది. దీన్ని జనంలోకి తెచ్చినవారిలో ముఖ్యుడు ఓలీ ఎవిన్‌రూడ్. ఆయన 1877లో నార్వేలో పుట్టి, చిన్నతనంలోనే తల్లిదండ్రులతో అమెరికా వచ్చి విస్కాన్సిన్‌లో పెరిగాడు. 1909లో మిల్వాకీ నగరంలో అమ్మకానికి పెట్టిన ఆయన మోటారు శక్తి ఒకటిన్నర అశ్వశక్తి మాత్రమే. మనలాగే వలస వచ్చిన కుటుంబంలోని పిల్లవాడు చేసిన పని అది! ఈనాడు కాకినాడ, విశాఖ తీరాల్లో మన జాలరులు కూడా చిన్న పడవలకు ఇలాంటి మోటార్లే బిగించుకుని వేటకు వెళుతున్నారు.

థ్రాటిల్ ఎలా పనిచేస్తుంది?

పిల్లలూ, స్ట్రాతో మజ్జిగ తాగుతూ స్ట్రాను వేళ్లతో కొంచెం నొక్కి చూడండి. మజ్జిగ తక్కువగా వస్తుంది. వేళ్లు వదిలితే ధారాళంగా వస్తుంది. థ్రాటిల్ పని కూడా అంతే. ఇంజనులోకి గాలి వెళ్లే గొట్టంలో నాణెంలా గుండ్రంగా ఉండే చిన్న పలక ఉంటుంది. మనం పిడి తిప్పితే కేబులు లాగబడుతుంది, పలక తెరుచుకుంటుంది. గాలి ఎక్కువగా లోపలికి వెళుతుంది. దానికి తగ్గట్టు పెట్రోలు కూడా ఎక్కువగా అందితే ఇంజను వేగం పెరుగుతుంది.

అంటే ఇది ఒక గొలుసు: చెయ్యి, పిడి, కేబులు, పలక, పెట్రోలు, ప్రొపెల్లరు. వేగం రాలేదంటే ఈ గొలుసులో ఏదో ఒక లంకె తెగిందన్నమాట. ఏ లంకె తెగిందో కనిపెట్టకుండా కార్బురేటరు విప్పి కూర్చుంటే లాభం లేదు.

లక్షణాన్ని బట్టి కారణం

1. పిడి బిగుసుకుపోయింది. చాలా మోటార్ల పిడి దగ్గర బిగుతును మార్చే చిన్న మర ఉంటుంది. ముందు దాన్ని వదులు చేసి చూడండి. అయినా తిరగకపోతే, మోటారు ఆపి, మూత తీసి, కేబులును ఇంజను వైపు కొసలో విడదీయండి. ఇప్పుడు పిడి తేలికగా తిరిగితే లోపం ఇంజను వైపు మీటల్లో ఉంది. ఇంకా గట్టిగానే ఉంటే లోపం పిడిలోనో కేబులులోనో ఉంది. లోపల తుప్పు పట్టిన కేబులుకు నూనె పోసి నెట్టుకురావడం కన్నా కొత్తది వేయించుకోవడమే క్షేమం. అన్నట్టు, గేరు న్యూట్రల్‌లో ఉన్నప్పుడు పిడి కొంతవరకే తిరిగితే కంగారు పడకండి. చాలా మోటార్లను అలాగే తయారుచేస్తారు.

2. పిడి తిరుగుతోంది, ఇంజను వేగం మాత్రం పెరగడం లేదు. కేబులు కొస ఊడిపోయి ఉండవచ్చు. మూత తీసి చూస్తే పిడి తిప్పినప్పుడు మీట కదులుతోందో లేదో తెలిసిపోతుంది. మీట కదులుతున్నా వేగం రాకపోతే, ఇంజను వేడెక్కిందేమో గమనించండి. ఇటీవలి మోటార్లు చాలావరకు వేడెక్కినా, ఆయిలు ఒత్తిడి తగ్గినా తమను తాము కాపాడుకోవడానికి వేగాన్ని తగ్గించేస్తాయి. మోటారు వెనుక సన్నటి నీటి ధార వస్తూ ఉండాలి. అది ఆగిపోతే వెంటనే మోటారు ఆపి, నీళ్లు లోపలికి పీల్చే చోట నాచో ప్లాస్టిక్ సంచో అడ్డుపడిందేమో చూడాలి.

3. నెమ్మదిగా బాగానే నడుస్తుంది, వేగం పెంచగానే ఆగిపోతుంది. అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే తంటా ఇదే. చాలాసార్లు కారణం పెట్రోలు చాలినంత అందకపోవడం. మొదట ట్యాంకు మూత మీది గాలి మర తెరిచి ఉందో లేదో చూడండి. అది మూసి ఉంటే కాసేపటికి పెట్రోలు రావడం ఆగిపోతుంది. తర్వాత గొట్టం ఎక్కడైనా మడతపడిందేమో చూడండి. గొట్టం మధ్యలో చేతితో పిసికే రబ్బరు బుడ్డి ఉంటుంది. మోటారు నడుస్తుండగా దాన్ని పిసికితే వేగం పుంజుకుంటోందా? అయితే ఇంధన పంపులోనో, ఫిల్టరులోనో, గొట్టంలోనో లోపం ఉంది.

4. వేగంగా బాగుంటుంది, నెమ్మదించగానే ఆగిపోతుంది. కార్బురేటరులో నెమ్మది నడకకు పెట్రోలు అందించే సన్నని రంధ్రం పూడుకుపోయి ఉండవచ్చు. చలికాలమంతా ట్యాంకులో నిలవున్న పెట్రోలు జిగురుగా మారడం వల్ల ఇలా జరుగుతుంది. ఇక్కడి పెట్రోలులో సాధారణంగా 10 శాతం వరకు ఇథనాలు ఉంటుంది. అది తేమను పీల్చుకుంటుంది. అందువల్ల శీతాకాలానికి మోటారు లోపల పెట్టేముందు స్టెబిలైజరు కలపడం మరిచిపోకూడదు.

5. ఇంజను రొద పెరుగుతోంది, పడవ మాత్రం కదలడం లేదు. ఇది థ్రాటిల్ లోపం కాదు. ప్రొపెల్లరు నడుమ రబ్బరు బుష్ ఉంటుంది. అది జారిపోతే ఇంజను తిరిగినా ప్రొపెల్లరు సరిగా తిరగదు. పిడిని కొద్దిగా మాత్రమే తిప్పి, మెల్లగా ఒడ్డుకు చేరుకోండి.

6. పిడి వెనక్కి తిప్పినా వేగం తగ్గడం లేదు. అన్నిటిలోకీ ప్రమాదకరమైనది ఇదే. పిడితో కుస్తీ పట్టకండి. వెంటనే ఆపే స్విచ్‌కు ఉన్న తాడు లాగేయండి. మోటారు ఆగాకే మిగతా ఆలోచన.

ఆ ఎర్ర తాడు

నడిపేవారి చేతికో జాకెట్టుకో తగిలించుకునే ఆ తాడు, సాధారణంగా ఎర్రగా ఉంటుంది. నడిపేవారు నీళ్లలో పడితే అది ఊడి మోటారు ఆగిపోతుంది. లేకపోతే మనిషి లేని పడవ గుండ్రంగా తిరిగి, పడినవారి మీదికే రావచ్చు. 26 అడుగులకన్నా చిన్నవై, 3 అశ్వశక్తి లేదా అంతకుమించిన మోటారుతో పాటు ఈ స్విచ్ కూడా ఉన్న పడవల్లో, వేగంగా వెళ్లేటప్పుడు దాన్ని వాడి తీరాలని 2021 ఏప్రిల్ 1 నుంచి ఫెడరల్ చట్టం చెబుతోంది. కదిలే పడవలో పైభాగాన ఉండే 13 ఏళ్లలోపు పిల్లలు లైఫ్ జాకెట్ వేసుకోవాలన్నది కూడా నియమమే. కొన్ని రాష్ట్రాల్లో ఈ వయసు వేరుగా ఉంటుంది. పెద్దలు కూడా వేసుకుంటే పిల్లలకు చెప్పే పని తప్పుతుంది!

ఇంటి దగ్గర పరీక్షించేటప్పుడు

నీళ్లు అందకుండా మోటారును ఒక్క నిమిషం కూడా నడపకండి. లోపల నీటి పంపు రబ్బరు రెక్కలు కాలిపోతాయి. తోట గొట్టానికి తగిలించే అమరిక దుకాణాల్లో దొరుకుతుంది. దానితో నడిపేటప్పుడు గేరు న్యూట్రల్‌లో ఉంచి, వేగం పెంచకుండా చూడండి. మూసిన గరాజులో అసలే వద్దు. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, కానీ ప్రాణం తీస్తుంది. పిల్లలు ప్రొపెల్లరుకు దూరంగా ఉండాలి. కంప్యూటరుతో నడిచే కొత్త ఇంజన్లలో సెన్సార్ల లోపాలను మెకానిక్‌కే వదిలేయడం మంచిది.

పిల్లలూ, ఈ మాటలు నేర్చుకోండి

తెడ్డు: చేత్తో పడవ నడిపే సాధనం. మోటారు ఉన్నా ఒక తెడ్డు తప్పక వెంట ఉండాలి.
చుక్కాని: పడవను పక్కలకు తిప్పేది. చిన్న పడవల్లో మోటారే ఆ పని కూడా చేస్తుంది.
లంగరు: పడవ కొట్టుకుపోకుండా నీళ్లలో దించే బరువు. మోటారు ఆగితే ముందు గుర్తుకు రావలసింది ఇదే.
రేవు: పడవలు ఆగే చోటు.
సరంగు: గోదావరి మీద లాంచీ నడిపే మనిషి.

ఈసారి సరస్సుకు వెళ్లినప్పుడు పడవ కదలకముందే అమ్మనో నాన్ననో అడగండి: "ట్యాంకు మూత మీది గాలి మర తెరిచారా? ఎర్ర తాడు తగిలించుకున్నారా? తెడ్డు, లంగరు ఉన్నాయా?" ఈ మూడు ప్రశ్నలూ తెలుగులోనే అడగండి. అప్పుడు ఆ పడవకు మీరే సరంగులు!