పాత భౌతికశాస్త్ర గ్రంథములలో అయస్కాంత క్షేత్ర నిర్వచనము

నిజామాబాదు, బోధను ప్రాంతముల విద్యార్థికి క్షేత్రమనగానే స్ఫురించునది పొలము, చెరకు పండు నేల. ఆ నేలకు గట్టు కలదు. అయస్కాంత క్షేత్రమునకు గట్టు లేదు. పాత పాఠ్యగ్రంథముల నిర్వచనములోని చిక్కు ఇచటనే ఉన్నదని మా అభిప్రాయము.

ఆ గ్రంథములు మొదట సూదంటురాయిని పరిచయము చేసి, కాగితముపై ఇనుపరజను చల్లించి, అయస్కాంతము చుట్టును దాని ప్రభావము తెలియవచ్చు ప్రదేశమే క్షేత్రమని చెప్పుచుండెను. తెలియవచ్చుట దేనికి? మొరటు దిక్సూచికి తెలియని ప్రభావము సున్నితమైన పరికరమునకు తెలియును. అట్లయినచో ఈ క్షేత్రపు ఎల్లను నిర్ణయించునది అయస్కాంతము కాదు, మన పరికరము. నిర్వచనమున కిది తగదు.

రెండవ మెట్టు తీవ్రత. ఒక బిందువు వద్ద ప్రమాణ ఉత్తర ధ్రువముపై పనిచేయు బలము ఆ బిందువు వద్ద క్షేత్ర తీవ్రత. ప్రమాణ ధ్రువమనగా తనకు సమానమైన ధ్రువమును గాలిలో 1 సెంటీమీటరు దూరమున 1 డైను బలముతో వికర్షించునది. లెక్కలకు ఇది ఎంతయో అనువు. కాని అయస్కాంతమును ఎన్ని ముక్కలు చేసినను ప్రతి ముక్కకు రెండు ధ్రువము లుండును. ఒంటి ధ్రువము చేతికి రాదు. లేని వస్తువుతో ఉన్నదానిని కొలుచుటయే! అయినను ఆ గ్రంథకర్తలను పరిహసింపరాదు. పొడవైన సన్నని అయస్కాంతపు ఒక కొన వద్ద రెండవ కొన ప్రభావము స్వల్పమగుటచే, ప్రయోగశాలలో వారి పద్ధతి చక్కగనే సాగినది.

విద్యుత్ప్రవాహము దిక్సూచి ముల్లును కదల్చునని 1820లో ఎర్‌స్టెడ్ చూపెను. తరువాతి గ్రంథములు ఈ మార్గమునే పట్టి, ధ్రువమును విడిచి, ప్రవాహముపై పనిచేయు బలముతో నిర్వచనము చెప్పినవి. క్షేత్రమునకు లంబముగా నున్న 1 మీటరు తీగలో 1 ఆంపియరు ప్రవహించునపుడు దానిపై 1 న్యూటను బలము పనిచేసినచో, ఆ క్షేత్రము 1 టెస్లా. ఈ ప్రమాణమునకు 1960లో ఆ పేరు స్థిరపడినది.

దోషము తెలుగు మాటది మాత్రమే కాదు. 1845లో ఫారడే వాడిన ఆంగ్లపదమునకును పొలమనియే అర్థము. ఈ ప్రాంతమున ఒకప్పుడు ఉన్నత విద్యకు ఆధారమైన ఉర్దూలోని మైదాన్ కూడ నేలయే. పైగా గీతలో శరీరమునే క్షేత్రమనిరి గదా. మన మాట ఎల్లలు దాటగలదు. బిందువు బిందువునకు ఒక పరిమాణము, ఒక దిశ కలదని ఉపాధ్యాయుడు ముందుగా చెప్పినచో చాలును.

చక్కెర కర్మాగారములలో, మిల్లునకు పోవు చెరకునుండి ఇనుపముక్కలను ఏరుటకు పైన విద్యుదయస్కాంతము నమర్చుదురు. బోధను కర్మాగారము 2015లో మూతపడినను, ఆ ఊరి విద్యార్థికి ఈ ఉదాహరణము పరాయిది కాదు. ప్రవాహమున్నంతవరకు ఇనుపముక్క అంటుకొని యుండును, ఆపగానే రాలును. ఇందు ప్రమాణ ధ్రువమును తలచుకొనవలసిన పనియే లేదు.