ఒక ఫోల్డర్, రెండు తాళాలు

ఒక ఆడిటర్ ఆఫీసు. ఐదారు కంప్యూటర్లు, అన్నీ ఒకే నెట్‌వర్క్‌లో. జీఎస్టీ లెక్కల ఫోల్డర్‌ను అందరికీ షేర్ చేశారు. గుమస్తా ఫైలు తెరవగలుగుతున్నాడు, మార్చి సేవ్ చేయబోతే మాత్రం ‘యాక్సెస్ డినైడ్’ అని వస్తోంది. షేరింగ్‌లో చూస్తే ఫుల్ కంట్రోల్ ఇచ్చే ఉంది. మరి అడ్డు ఎక్కడ?

విండోస్‌లో ఇలాంటి ఫోల్డర్‌కు రెండు తాళాలుంటాయి. షేర్ అనుమతి నెట్‌వర్క్ మీదుగా వచ్చేవారికే వర్తిస్తుంది. 1993లో విండోస్ ఎన్‌టీతో వచ్చిన ఎన్‌టీఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్ అనుమతి, ఫోల్డర్ ఉన్న కంప్యూటర్ ముందే కూర్చున్నవారికీ తప్పదు. రెండింటిలో ఏది బిగువుగా ఉంటే అదే చెల్లుతుంది. గుమస్తా హక్కు, ఎన్‌టీఎఫ్ఎస్ అనుమతులు కనిపించే సెక్యూరిటీ ట్యాబ్‌లో ‘రీడ్’ దగ్గర ఆగిపోయింది.

ఇక్కడే చాలామంది విసిగిపోయి రెండుచోట్లా ‘ఎవ్రీవన్’కు ఫుల్ కంట్రోల్ ఇచ్చేస్తారు. పని నడుస్తుంది. కానీ ఇది చాలా ప్రమాదకరమైన అలవాటు. రాన్సమ్‌వేర్ ఏ ఉద్యోగి లాగిన్‌లో చొరబడితే ఆ ఉద్యోగి హక్కులన్నీ దాని చేతికొస్తాయి. అతను మార్చగలిగిన ప్రతి ఫైలునూ అది పాడుచేయగలదు. చదివితే చాలనుకునేవారికి రాసే హక్కు ఇవ్వకూడనిది అందుకే.

లినక్స్ యంత్రాల మధ్య చిక్కు మరో రకం. అక్కడ ఫైలు యజమాని పేరు కాదు, యూఐడీ అనే సంఖ్య నమోదవుతుంది. ఉబుంటులో మొదటి యూజర్‌కు మామూలుగా 1000 వస్తుంది. ఫైళ్లను నెట్‌వర్క్‌లో పంచుకోవడానికి సన్ మైక్రోసిస్టమ్స్ 1984లో తెచ్చిన ఎన్ఎఫ్ఎస్‌లో, కెర్బెరోస్ లాంటి రక్షణ జోడించకపోతే, అవతలి యంత్రం చెప్పిన సంఖ్యనే సర్వర్ నమ్ముతుంది. ఒకచోట 1000 అకౌంటెంట్‌ది, ఇంకోచోట స్టోర్ కీపర్‌ది అయితే, అకౌంటెంట్ ఫైళ్లు స్టోర్ కీపర్‌కు సొంతవాటిలా తెరుచుకుంటాయి. ఏ ఎర్రరూ రాదు! యంత్రాలు పెరిగేకొద్దీ అందరి ఖాతాలనూ ఒకేచోట ఉంచే ఎల్‌డాప్, యాక్టివ్ డైరెక్టరీ లాంటివి అవసరమయ్యేది ఇలాంటి చోటే.

తాళాలు సరిగ్గా వేశాక కూడా ఒక కంత మిగులుతుంది. విండోస్‌లో ఫైలును కాపీ చేస్తే కొత్త ఫోల్డర్ అనుమతులు దానికి వస్తాయి. అదే డ్రైవ్‌లో కట్ చేసి పేస్ట్ చేస్తే మాత్రం సాధారణంగా పాత అనుమతులే వెంట వస్తాయి. జీతాల పట్టికను అందరి ఫోల్డర్ నుంచి మేనేజర్ ఫోల్డర్‌లోకి ఇలా జరిపితే, సెక్యూరిటీ ట్యాబ్‌లోని అడ్వాన్స్‌డ్ నొక్కి, ‘ఎఫెక్టివ్ యాక్సెస్’లో గుమస్తా పేరు పెట్టి చూడాలి. అతనికి చదివే హక్కు ఇంకా ఉంటే అక్కడే బయటపడుతుంది.